ప్రజాభవనములు – ప్రభుత్వ ధర్మము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిన మాట అందరికిని తెలిసినదే. ఒక సామాన్య గృహస్థుడు తన సొంత యిల్లు కట్టుకొనునపుడు ఎన్నిమారులు ఆలోచించునో, ఎందరిని సలహా అడుగునో మనము ఎరుగుదుము. వాకిలి ఏ దిక్కున ఉండవలెను, వంటయింటి పొగ ఎటు పోవలెను, ముసలితల్లికి మెట్టు ఎత్తగునా, వానజల్లు ఏ గోడను కొట్టును అని విచారించిన పిమ్మటనే మేస్త్రీ తాపీ పట్టును. అయితే ప్రతిదినము వందలమంది వచ్చిపోవు కచేరి, ఆసుపత్రి, పాఠశాల, బస్సునిలయము కట్టునపుడు ఈ ప్రశ్నలను అడుగువారెవరు? తన యింటికి చూపు శ్రద్ధలో నాల్గవవంతైనను అందరి యింటికి ఎందుకు చూపబడుటలేదు? ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయమిదియే.

మొదట ఒక అపోహను తొలగించుట అవసరము. మంచి రూపకల్పన అనగానే పాలరాయి, అద్దాలగోడలు, రంగుదీపములు మనసునకు తోచుచుండును. అది అలంకారము మాత్రమే. రూపకల్పన యనగా ఒక కట్టడము ఎవరికొరకు, ఏ నేలమీద, ఏ గాలికి ఎదురుగా, ఎంతకాలము నిలుచుటకు అను నాలుగు ప్రశ్నలకు ముందుగా చెప్పుకొను సమాధానము. అది ఇటుక పేర్చక మునుపు కాగితముమీద జరుగు పని. కాగితముమీద కొట్టివేసి తిరిగి గీయుటకు పెద్ద ఖర్చు లేదు. కట్టిన గోడను దిద్దుటకు లక్షలు కావలెను. ప్రభుత్వము మంచి రూపకల్పనను ప్రోత్సహించుట యనగా మంత్రులో అధికారులో తమ అభిరుచిని ప్రజలమీద రుద్దుట కాదు. ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పకుండ ఏ ప్రజాభవనమునకును పునాది పడకుండునట్లు ఒక పద్ధతిని ఏర్పరచుట. మా అభిప్రాయము సంగ్రహముగా ఇంతే.

ఈ పద్ధతి మనకు కొత్తదియు కాదు, పరాయిదియు కాదు. శ్రీకాకుళము మొదలు విశాఖపట్టణము వరకుగల తీరగ్రామములలో ఒకప్పుడు విరివిగా కనబడిన చుట్టిల్లును తలచుకొనుడు. గుండ్రని మట్టిగోడ, దానిపై ఇంచుమించు నేలవరకు వంగివచ్చు కప్పు. మూలలు లేని యింటిని గాలి పట్టి పెకలింపజాలదు. చుట్టుకొని ప్రక్కకు జారిపోవును. దానిని కట్టినవాడు ఏ కళాశాలలోను చదువలేదు. కాని ఏటేట సముద్రము మీదినుండి వచ్చు గాలిని అతడు చక్కగా చదివినాడు.

అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయమును చూడుడు. ఏటా మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములు ఉదయకిరణములు ద్వారముల గుండ సాగి గర్భాలయములోని మూలమూర్తి పాదములను తాకును. సూర్యగమనమును లెక్కించి ద్వారములను ఒక వరుసలో నిలిపిన ఆ శిల్పులు, పడమటి దిక్కున అద్దాలగోడ పెట్టి ఎండను లోనికి పిలిచి, ఆపై దానిని వెడలగొట్టుటకు శీతలయంత్రములు బిగించు నేటివారికి పాఠము చెప్పగలరు.

శ్రీకాకుళములోని జామియా మసీదు పదునేడవ శతాబ్దిలో, కుతుబ్‌షాహీల కాలమున, ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించినది. ఏ మసీదులోనైనను చెప్పులు విడుచుచోటు, వజూ చేయుచోటు, వరుసలు తీరి నిలుచు ప్రాంగణము వచ్చువాని అడుగుల క్రమమును అనుసరించి ఉండును. ఎన్నడును ఆ ఊరు చూడనివాడు సైతము ఎవరిని అడుగనక్కరలేకయే ఎటు పోవలెనో గ్రహించును. అందులో గొప్పవానికి వేరు ద్వారము, పేదవానికి వేరు ద్వారము లేవు. దారి చూపుటకు బంట్రోతు అవసరము లేని కట్టడమే మంచి కట్టడమని దీనినుండి మనము నేర్చుకొనవచ్చును.

ఇక విజయనగరము. 1713లో ఆరంభమైన కోటకు స్థలమును సూచించినవారు అచ్చటి అడవిలో తపస్సు చేసికొనుచుండిన మహబూబ్ వలీ అను ముస్లిము సాధువని జనశ్రుతి. కట్టుటకు ముందు ఆ నేలను ఎరిగినవానిని అడుగవలెనను నీతి ఆ కథలో ఇమిడియున్నది. కోటయు, పైడితల్లి అమ్మవారి గుడియు, మూడులాంతర్ల కూడలియు, 1885లో నిలిపిన ఎనిమిది పలకల గంటస్తంభమును కలిసి ఆ పట్టణమునకు ఒక ముఖమును ఇచ్చినవి. దసరా తరువాత వచ్చు మంగళవారమునాడు సిరిమాను గుడికిని కోటకును నడుమ మూడుమారులు తిరుగును. ఆనాడు ఆ వీధి వీధిగా ఉండదు. ఊరంతయు, పొరుగూళ్ళును కలిసి నిలుచు సభామంటపమగును. కట్టడములను మాత్రమే కాక వాటి నడుమనున్న ఖాళీస్థలమును గూడ ప్రజల బ్రతుకునకు అనువుగా తీర్చుటయే నగరరూపకల్పన.

మన భాషను పరిశీలించినను ఒక విశేషము కనబడును. కచేరి, దర్వాజా, బజారు, జిల్లా, తహశీలు, దస్తావేజు అను మాటలు ఉర్దూ, ఫారసీల వాకిటిగుండ వచ్చి తెలుగింట స్థిరపడినవి. వీనిలో కచేరి అను మాటకు తెలుగున రెండర్థములున్నవి. ఉద్యోగి కూర్చుండి అర్జీలు పుచ్చుకొనుచోటు ఒకటి. విద్వాంసుడు పాడు సంగీతసభ మరియొకటి. రెండవ కచేరికి జనులు సంతోషముతో పోవుదురు. మొదటి కచేరికి బెరుకుతో పోవుదురు. ఆ బెరుకు అంతయు ఉద్యోగి ముఖమును చూచియే పుట్టినది కాదు. కొంత ఆ భవనమును చూచి పుట్టినది.

వజ్రపుకొత్తూరు తీరమునుండియో, సీతంపేట కొండలనుండియో తెల్లవారకమునుపే బయలుదేరి వచ్చు ఒక వృద్ధురాలిని ఊహింపుడు. ఆమెకు కావలసినది పింఛను కాగితముమీద ఒక సంతకము. ఎదురుగా నడుమెత్తు మెట్లు; పట్టుకొనుటకు కమ్మీ లేదు. లోపల నిరీక్షించుటకు బల్ల లేదు, బయట నీడనిచ్చు చెట్టు లేదు. దానిని వాహనముల కొరకు కొట్టివేసినారు. మంచినీరు లేదు. స్త్రీల మరుగుదొడ్డికి తాళము. ఏ గది ఎవరిదో తెలుపు పలక లేదు. ఉన్నచోట అది చదువరాని చిన్న అక్షరములలో ఉండును. 2022లో శాసనసభ ఉర్దూను రాష్ట్రమున రెండవ అధికారభాషగా గుర్తించినది. కాని పెక్కుచోట్ల గోడమీది పలకకు ఆ సంగతి ఇంకను తెలియదు. భవనమునకు అయిన ఖర్చు కోట్లలో నుండవచ్చును. ఆ వృద్ధురాలిని గూర్చి ఒక్కమారు తలచియుండినచో అయ్యెడి ఖర్చు అందులో నూరవవంతు కూడ కాదు.

ఇది ఇంజనీర్ల లోపమని మేము అనము. మన జిల్లాలలో నిపుణులు, సజ్జనులైన ఇంజనీర్లు ఎందరో కలరు. లోపము పద్ధతిలోనున్నది. ఆర్థిక సంవత్సరము ముగియవచ్చునప్పుడు సొమ్ము మంజూరగును. మార్చి నెలాఖరులోపల లెక్క చూపవలెను. ఆలోచించుటకు వ్యవధి ఎక్కడ? పటము రాజధానినుండి సిద్ధముగా వచ్చును. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయముల వ్యవస్థ ఆరంభమైన పిదప రాష్ట్రమంతట ఆ భవనముల నిర్మాణము పెద్దయెత్తున సాగినది. పాలనను పల్లె వాకిటికి తెచ్చుట మంచి తలంపే. కాని ఉద్దానపు ఇసుకనేలకును, సీతంపేట కొండచరియకును, అనంతపురపు ఎండునేలకును ఒకేతరహా పటము సరిపోవునా? ఒకే కొలతకు కుట్టిన చొక్కాను ఊరందరికి తొడిగినట్లు కాదా? ఆపైని టెండరు. ఎవడు తక్కువకు పాడిన వానికే పని. బియ్యము కొనునపుడైనను మనము ధరతోపాటు గింజను చూతుము. భవనము కొనునపుడు ధరను మాత్రమే చూచుచున్నాము.

ప్రభుత్వము తలచినచో ఈ పద్ధతిని మార్చగలదా యను ప్రశ్నకు మన తెలుగునాటనే ఒక సమాధానము కలదు. దానికొరకు ఉత్తరాంధ్రమును కొంతసేపు విడిచి హైదరాబాదు చరిత్రను చూడవలెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి ఆ నగరములో వేలాదిమందిని బలిగొన్నది. నాటి ప్రభుత్వము కూలిన యిండ్లను యథాతథముగా తిరిగి కట్టి ఊరుకొనలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి కారణమును విచారింపజేసినది. తత్ఫలితముగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలసి వరదను ఆపుటయే కాక నగరమునకు త్రాగునీటిని ఇచ్చినవి. 1912లో నగరాభివృద్ధి సంఘము ఏర్పడి ఇరుకుపేటలను విప్పి, వీధులను వెడల్పుచేసి, పేదలకు గాలివెలుతురు గల యిండ్లను కట్టించినది. నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచినవి. వానికి రూపమిచ్చినవాడు విన్సెంట్ ఎష్ అను ఆంగ్లేయ వాస్తుశిల్పి. కాని ఆ గుమ్మటములు, కమానులు ఈ దేశపు సంప్రదాయమునకు చెందినవి.

ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు చేసిన పని ఇంతకంటె గమనింపదగినది. భవనములు కట్టకమునుపు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అను ఇరువురిని విదేశములకు పంపి అచ్చటి విశ్వవిద్యాలయములను చూచి రమ్మనిరి. ఆ పిమ్మట బెల్జియము దేశీయుడైన అర్నెస్ట్ జాస్పర్‌ను నియోగించిరి. 1934లో పునాది పడిన ఆర్ట్సు కళాశాల 1939లో ఆరంభమైనది. దేవాలయ స్తంభపు పోకడయు, మసీదు కమాను పోకడయు ఆ ఒక్క భవనమున కలిసియుండుటను చూచినవారెల్లరును మెచ్చుకొందురు. ముందు చూచుట, తరువాత గీయుట, ఆపైని కట్టుట అను క్రమమును పాటించిన ఫలమది.

అది రాజుల కాలము, వారికి అడ్డుచెప్పువారు లేరు, లెక్క అడుగువారు లేరు అని కొందరనవచ్చును. నిజమే. అందుచేతనే ప్రజాప్రభుత్వమునకు వేరు ఉపాయములు కావలెను. రాజునకు ఒక్కని అభిరుచి చాలును. ప్రజాప్రభుత్వమునకు నియమము కావలెను. ఫ్రాన్సు దేశము 1977లో వాస్తుకళ ప్రజాప్రయోజనమునకు సంబంధించినదని శాసనము చేసి, జిల్లాలలో సామాన్యులకు నిర్మాణ విషయమున ఉచితముగా సలహా చెప్పు కేంద్రములకు ఏర్పాటు చేసినది. అమెరికాలో 1962లో కేంద్రప్రభుత్వ భవనములకు కొన్ని సూత్రములను వ్రాసికొనిరి. ప్రభుత్వపు అధికారశైలి యను దానిని ఏర్పరచరాదు, స్థలమును శ్రద్ధతో ఎన్నుకొనవలెను, భవనము దేశగౌరవమునకు తగియుండవలెను అనునవి వానిలో ముఖ్యములు. మన దేశములోను 1972లో ఆర్కిటెక్టుల చట్టము, 1973లో ఢిల్లీ నగర కళాసంఘమునకు చట్టము వచ్చినవి. కేవలము తక్కువ ధరనే కాక గుణమును గూడ లెక్కించి పని అప్పగించుటకు కేంద్ర ఆర్థికశాఖ 2021లో కొన్ని నిర్మాణపు పనులకు అనుమతినిచ్చినది. తలుపు కొంత తెరువబడినది. లోనికి పోవువారు కావలెను.

ఉపాయములలో శ్రేష్ఠమైనది బహిరంగ పోటీ. పేరులేని పటములను తెప్పించి, నిపుణులును, ఆ భవనమును వాడుకొనువారును కలిసిన సంఘముచేత పరిశీలింపజేసి, ఎన్నుకొన్న కారణమును వ్రాతమూలముగా ప్రకటించుట. అయితే పోటీ పెట్టినంతమాత్రమున చాలదు; దాని తీర్పును గౌరవింపవలెను. అమరావతి రాజధాని భవనములకు పోటీ జరిపి 2016లో జపాను దేశపు ఫుమిహికో మకి సంస్థ పటమును ఎన్నుకొనిరి. కొలదినెలలలోనే దానిని వదలి ఇంగ్లండుకు చెందిన ఫోస్టర్ సంస్థకు పని అప్పగించిరి. ఏ పటము మంచిదను వాదములోనికి మేము పోము. తీర్పు చెప్పి తిరుగద్రొక్కినచో, మరునాడు పిలిచిన పోటీకి మంచివాడు వచ్చునా అనునదే మా ప్రశ్న.

మన రెండు జిల్లాలకు ఇది కేవలము సౌందర్యసమస్య కాదు, ప్రాణసమస్య. శ్రీకాకుళము జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరము కలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తిత్లీ తీరము దాటినవి. తిత్లీ నాటి రాత్రి ఉద్దానములో తరతరముల కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినవి. అట్టిరాత్రి జనులు ఎక్కడకు పరుగెత్తుదురు? ఊరి బడికి, ఊరి గుడికి, తుపాను ఆశ్రయభవనమునకు. 1977 నవంబరు 19న దివిసీమలో ఇంచుమించు పదివేలమంది ఉప్పెన పాలైన పిమ్మట మన ప్రభుత్వములు ఒక పాఠము నేర్చినవి. స్తంభములమీద ఎత్తుగా నిలిచి, క్రిందుగా ఉప్పెన నీరు సాగిపోవుటకు దారి విడుచు ఆశ్రయభవనములు తీరమంతట కట్టబడినవి. 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలో మొదలైన జాతీయ తుపాను విపత్తు నివారణ పథకము ఆ పనిని విస్తరింపజేసినది. ఇది మంచి రూపకల్పనకు ఉత్తమోదాహరణము. ఎవరికొరకు, ఏ నేలమీద, ఏ గాలికి ఎదురుగా అని అడిగి కట్టిన కట్టడమది.

కాని అందులోను ఒక సూక్ష్మము కలదు. ఏడాదికొకనాడు మాత్రమే తెరచు భవనము మిగిలిన దినములలో గబ్బిలములకు నిలయమగును. తుపాను రాత్రి తాళపుచెవి దొరకదు. దానినే బడిగానో, అంగన్వాడీగానో, గ్రామ గ్రంథాలయముగానో నిత్యము వాడినచో తలుపుల బందులు తుప్పుపట్టవు. చీకటిలో మెట్లెక్కు దారి పిల్లలకు సైతము తెలిసియుండును. కట్టుట ఎంత ముఖ్యమో వాడుకయు, పోషణయు అంత ముఖ్యము. మన బడ్జెట్లలో శంకుస్థాపనకు ఉన్న చోటు సున్నము కొట్టుటకు లేదు. దక్షిణ అమెరికాలోని మెడెలిన్ నగరము పేదలుండు కొండపేటలలోనే అత్యుత్తమ గ్రంథాలయములను కట్టి లోకమంతట పేరుపొందినది. అట్టి వానిలో 2007లో తెరచిన ఒక గొప్ప గ్రంథాలయము నిర్మాణ లోపముల వలన పదేండ్లు నిండకమునుపే మూతపడవలసివచ్చినది. పేదవానికి శ్రేష్ఠమైనది ఇవ్వవలెనను వారి తలంపు మనకు ఆదర్శము. పనిలో గట్టిదనము లేనిచో తలంపు నిలువదనుట మనకు హెచ్చరిక.

మనది పేదప్రాంతము, తిండికి లేనిచోట అందమెందుకు అను ఆక్షేపణ తరచుగా వినబడును. అందుకు మా సమాధానము ఇది. కిటికీని పడమటికి బదులు గాలివచ్చు దిక్కునకు పెట్టుటకు అదనపు ఖర్చు లేదు. ఉన్న చింతచెట్టును విడిచి గోడను పదియడుగులు జరుపుటకు ఖర్చు లేదు. మెట్ల ప్రక్కన ఏటవాలు దారిని మొదటనే గీసికొన్నచో స్వల్పఖర్చు. లారీ బేకర్ కేరళలో స్థానికపు ఇటుకతో, జల్లెడవంటి గోడలతో తిరువనంతపురములోని అభివృద్ధి అధ్యయన కేంద్రమును కట్టి, తక్కువసొమ్ముతో చల్లని, అందమైన ప్రజాభవనము సాధ్యమని నిరూపించినారు. నాటి ముఖ్యమంత్రి అచ్యుత మేనోన్ ఆయనకు ప్రోత్సాహమునిచ్చిరి. పేదప్రాంతమునకు మంచి రూపకల్పన విలాసము కాదు. చెడు రూపకల్పనయే భరింపరాని విలాసము. ధనికుడు చెడిన యింటిని పడగొట్టి మరల కట్టుకొనును. మనకు ఆ అవకాశము లేదు.

విజయనగరములోని మహారాజా సంగీత కళాశాల 1919లో స్థాపింపబడినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. విజయరామ గజపతి ప్రభువు తన కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడగుటచేత అతనికి సంగీతవిద్య లభించుటకై దానిని నెలకొల్పెనని ఆ ఊరివారు చెప్పుకొందురు. ఒక్క కన్నులేని బాలుని అవసరమునుండి వేలాదిమందికి విద్యనిచ్చిన సంస్థ పుట్టినది. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. ప్రజాభవనములన్నియు వారికి ప్రవేశయోగ్యముగా నుండవలెనని అది ఆజ్ఞాపించుచున్నది. అటువంటి బాలుడు నేడు మన కార్యాలయములలో ఒక్కటైనను ఎవరి చేయి పట్టుకొనకుండ ఎక్కగలడా? అందరిలో బలహీనునికి అనువైన భవనము అందరికిని అనువైనదే యగును.

కొత్తవి కట్టుట ఎంతయో, ఉన్నవానిని కాపాడుకొనుట అంత. శ్రీముఖలింగము, శాలిహుండము వంటివి పురావస్తు శాఖ రక్షణలోనున్నవి. గురజాడ అప్పారావుగారి యిల్లు స్మారకముగా నిలిచినది. కాని ఊరి నడుమనుండు పాత కచేరీలు, సంతబజార్లు, బడులు, స్తంభములు ఏ జాబితాకును ఎక్కలేదు. విజయనగరములో మూడులాంతర్ల కూడలికి ఆ పేరు తెచ్చిన పురాతన స్తంభమును 2020లో కూడలి సుందరీకరణ పనులలో తొలగించిరి. ఊరిలో గగ్గోలు పుట్టినది. సుందరీకరణ పేరిట ఊరి సౌందర్యమే పోవుట ఎంత విచిత్రము! హైదరాబాదులో 1995లో వందకు పైగా పాతకట్టడముల పేర్లు ప్రకటించి, అనుమతి లేనిదే వానిని ముట్టరాదని నియమము పెట్టిరి. మన పట్టణములకు అట్టి జాబితా ఉండియుండినచో, గునపము లేవకమునుపే ఎవరో ఒకరు కాగితమును తిరుగవేసి చూచియుందురు.

ప్రజాభవనము ఏ పక్షమునకును సొత్తు కాదని గూడ చెప్పవలసియున్నది. పంచాయతీ భవనములకు ఒక రాజకీయపక్షపు రంగులు పూసిన వ్యవహారము 2020లో హైకోర్టునకు, ఆపైని సుప్రీంకోర్టునకు పోయినది; ఆ రంగులను తొలగింపవలసినదేనని తీర్పు వచ్చినది. ఏ పక్షము అధికారమున ఉన్నను ఈ నీతి ఒక్కటే. గోడ ప్రజలది, దాని రంగును ఎండను, వానను చూచి నిర్ణయింపవలెను గాని ఎన్నికలను చూచి కాదు.

కావున శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలకును, 2022 ఏప్రిల్ 4న వీనినుండి ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాకును మేము కోరునవి అయిదు. ఒకటి, ప్రతి జిల్లాకు ఒక రూపకల్పనా సంఘము. అందులో వాస్తుశిల్పి, ఇంజనీరు, వైద్యుడు, ఉపాధ్యాయుడు, మత్స్యకారుడు, గిరిజన స్త్రీ సభ్యులుగా నుండవలెను. రెండు, తీరమునకు, మైదానమునకు, కొండలకు వేరువేరు నమూనా పటములు. మూడు, పెద్ద భవనములకు బహిరంగ పోటీ. దాని తీర్పునకు కట్టుబడుట. నాలుగు, పాత కట్టడముల జాబితాను ప్రకటించుట. అయిదు, ప్రతి భవనపు అంచనాలోనే మొదటి పదేండ్ల పోషణకు సొమ్ము కేటాయించుట. వీనిలో ఏ ఒక్కటియు అసాధ్యమైనది కాదు. 2019 నవంబరులో ఆరంభమైన నాడు-నేడు పథకములో బడుల మరమ్మతులను తల్లిదండ్రుల సంఘములచేత చేయించిరి. వాడుకొనువారికి పని అప్పగించుట మన రాష్ట్రములోనే జరిగినదనుటకు అది తార్కాణము.

ప్రభుత్వమును అడుగువారు తమ ఇంటిని చక్కదిద్దుకొనవలదా? కళాశాల పాలకసంఘమును ఒక చిన్న ప్రభుత్వమే. కొత్తగది కట్టదలచినపుడు టెండరు పిలుచుటకు ముందు ఒక సాయంత్రము విద్యార్థినీ విద్యార్థులను, గ్రంథాలయ సేవకుని, తోటమాలిని కూర్చుండబెట్టి అడుగవలెనని పెద్దలకు మా సవినయ మనవి. ఏ తరగతిలో మధ్యాహ్నము మూడు గంటలకు కూర్చుండుట దుర్భరమో తోటమాలికి తెలిసినంతగా మనకు తెలియదు. బాలికల విశ్రాంతిగది ఎక్కడ నుండవలెనో నిర్ణయించు సమావేశములో ఒక బాలికయైనను ఉండవలెను.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లు, తహశీలుదార్లు, ఉపాధ్యాయులు, పురపాలక సభ్యులు కాగలరు. ఆ బల్లవద్ద మీ సంతకము కొరకు ఒక పటము వచ్చును. అన్ని కొలతలు సరిగానే ఉండును, అన్ని ముద్రలు పడియే ఉండును. ఆనాడు కలము తీయుటకు ముందు ఒక్క నిమిషము ఆగి, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన ఆ వృద్ధురాలు ఈ పటములో ఎక్కడ కూర్చుండునో వెదకుడు. ఆమెకు చోటు కనబడినచో సంతకము చేయుడు. కనబడనిచో పటమును త్రిప్పి పంపుడు. మంచి కట్టడములు గల దేశమునకు కావలసిన మొదటి శాసనము అదియే. దానిని అమలుజరుపుటకు ఏ గెజెట్టు ప్రకటనకొరకును మీరు వేచియుండనక్కరలేదు.